సెల్లమ్మ చుట్టిన కండెలు

తిరుత్తణి పక్కన మగ్గం నేసే వెంకటముని, మద్రాసు మౌంట్ రోడ్డులో దొరలు దిగే పెద్ద హోటల్లో రెండు రోజులు ఉండొచ్చినాడంటే మా వీధిలో సగం మంది ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే మానె. డెబ్బై ఎనిమిదిలో జరిగిన మాట ఇది.

తిరువళ్ళూరు లోకనాథం గుడ్డలు బయటి దేశాలకు పంపే ఆసామి. కొనేదానికొచ్చే తెల్లోళ్ళకు చూపించాలని ఆ హోటలు కింది హాల్లో ఒక మగ్గం వేయించి, మొగుడూ పెండ్లాం ఇద్దర్నీ రమ్మన్నాడు. అది విన్నప్పట్నుంచి వెంకటముని పెండ్లాం సెల్లమ్మకు కాలు నేల మీద నిలవలా. "లిఫ్టులో నేను ముందు, నువ్వు నా ఎనకాల" అని మొగుడితో పందెం కట్టింది. తీరా పోవాల్సిన తేదీకి ఇరవై రోజుల ముందు కామెర్లొచ్చి కన్ను మూసింది.

"హోటల్లో పేరు ఇచ్చేసినామన్నా, నువ్వొక్కడివన్నా రా," అన్నాడు లోకనాథం.

వెంకటముని సరే అన్నాడు. ఆ నాళ్ళలో ఆయన దేనికైనా సరే అనేవాడు. తినమంటే తినేది, లెయ్యమంటే లేచేది. పదహారో రోజు కర్మనాడు కూడా కన్ను తడవలేదని ఆడోళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. లోపల ఏముందో ఆయనకే తెలియనప్పుడు వీళ్ళకేం తెలుస్తాది?

ఆయనకు తెలిసింది ఒక్కటే. మంచం పట్టే ముందు సెల్లమ్మ చిన్న గొట్టాలకు చుట్టిపెట్టిన ఎర్రనూలు కండెలు గంపలో నలభై ఉండాయి. పనికి అవే కావాల. వాటిలో రెండు మాత్రం నేయకుండా ఇంటికి తెచ్చుకోవాల. ఆమె చేతి చుట్టు ఇంక లోకంలో యాడా దొరకదు.

సాయంత్రానికి హోటలు చేరినాడు. లిఫ్టు ఎక్కినాడు, దిగినాడు. గదిలో రెండు మంచాలకూ తెల్లటి దుప్పట్లు పరిచిపెట్టి ఉండారు. వెంకటముని కింద పడుకున్నాడు.

అడ్డంగా నేసే పేకనూలు తడిగా ఉంటేనే గుడ్డ గట్టిగా వస్తాది. అందుకని ముందురోజే కండెలు నానేసేది వాడిక. ఇంట్లో ఆ పని సెల్లమ్మది, ఎన్ని వేయాలనే లెక్కా ఆమెదే. ఈయన పడుకునే ముందు స్నానాల తొట్టిలో నీళ్ళు పట్టి, గంప బోర్లించేసినాడు.

పొద్దున గది ఊడ్చే ఏళుమలై వచ్చి తొట్టి చూసినాడు. పూండి పక్కోడు, మన తెలుగు మాటే. "ఏందన్నా, ఎవుర్నన్నా నరికినావా?" అన్నాడు.

వెంకటముని వచ్చి ఎర్రనీళ్ళు చూసినాడు. నలభైయ్యీ అందులోనే ఉండాయి. "రెండు పక్కన పెట్టాల్సింది," అన్నాడు.

"ఆరబెట్టుకో."

"ఆరితే చుట్టు వదులైపోతాది. జారిపోతాది."

"అయితే నేసెయ్యన్నా," అన్నాడు ఏళుమలై.

వెంకటముని సరే అన్నాడు.

ఇంట్లో నేసేటప్పుడు అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కండె అయిపోతే ఆయన తిరిగి చూసేది లేదు. ఎడమచెయ్యి ఎనక్కి చాపితే, రాట్నం ముందర కూర్చున్న సెల్లమ్మ అందులో తడికండె పెట్టేది. ఇరవై రెండేళ్ళలో ఆ చెయ్యి ఒక్కనాడూ ఖాళీగా కాచుకోలేదు. హాల్లో మాత్రం గంప ఒళ్ళోనే పెట్టుకుని, ఒక్కొక్కటే తీసుకుని నేసినాడు. చుట్టూ జనం, ఫొటోలు. మధ్యాహ్నం దాటినాక నలభయ్యోది కూడా అయిపోయింది. గంపలో తడి తప్ప ఏం లేదు.

చెయ్యి దానంతటదే ఎనక్కి పోయింది. అట్లే ఉండిపోయింది.

ఎనకాల ఒక తెల్లముసలమ్మ నిలబడుండె. పాపం, ఈయన అడుక్కుంటా ఉండాడనుకుంది. సంచీ తెరిచి, పదిరూపాయల నోటు తీసి ఆ చేతిలో పెట్టింది.

వేళ్ళు మూసుకున్నాయి. పొడిగా తగిలింది. వెంకటముని తిరిగి చూసి, మగ్గం మీద తల పెట్టి ఏడ్చినాడు, ఇరవై రోజుల ఏడుపూ ఒక్కటిగా.

సంతోషం పట్టలేక ఏడుస్తా ఉండాడని లోకనాథం తెల్లోళ్ళకు ఇంగ్లీషులో చెప్పినాడు. వాళ్ళు చప్పట్లు కొట్టినారు.