ఆడపడుచుతో వైజాగ్

"పిల్లనెత్తుకోడానికి మనిషిని ఎంటబెట్టుకుని ఊర్లు తిరిగే గొప్పోలు ఎప్పుడయ్యేరే మీరు?" అని మా అమ్మ నవ్వింది. గొప్పేమీ లేదు. రెండేళ్ళ మా పాప నా చేత్తో అన్నం తినదు, మా ఆయన భుజం మీద నిద్రపోదు. అన్నింటికీ ఆయానే కావాలి. ఆమె లేకుండా వైజాగ్ వెళితే సముద్రాన్ని నేను హోటల్ కిటికీలోంచి చూసి రావాల్సిందే. ఒడ్డున కాళ్ళు చాపుకుని ఊరికే కూర్చోవాలన్నది నా కోరిక. అందుకే ఆయాకు కూడా కలిపి టికెట్లు తీశాం.

తీసింది మా ఆయన. వినాయక చవితి సెలవూ దాని పక్కన వారాంతమూ చూసుకుని తెగ మురిసిపోయాడు. చవితికి ముందు రోజు తీజా పండగన్న సంగతి అతనికి తట్టనే లేదు. తీజాకి ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళంతా పుట్టింటికి వెళ్ళిపోతారు. ఊరికే వెళ్ళరు, అన్నో తమ్ముడో తండ్రో వచ్చి తీసుకెళ్ళాలి, అదీ పద్ధతి. ఆ వారం భిలాయిలో మేముండే రిసాలిలో ఏ ఇంట్లోనూ పనిమనిషి కనబడదు, స్టీల్ ప్లాంటు ఇంజనీర్లు కూడా ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంటారు. భిలాయిలో పుట్టి పెరిగి, సరిగ్గా అప్పుడే ఆయాకు టికెట్ తీసిన మొగుడు ఊరు మొత్తం మీద నాకొక్కదానికే దొరికాడు.

భయపడుతూనే ఆమెను అడిగాను. పాప జుట్టు దువ్వుతూ, తల కూడా ఎత్తకుండా, "వస్తాను దీదీ. కానీ భయ్యా మా ఇంటికొచ్చి తీస్కెళ్ళాల" అంది. తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకుంది కాబట్టి శ్రీకాకుళం యాస దంచేస్తుంది. ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందా అని నేను ఆలోచిస్తేగా. ఎగిరి గంతేశాను. చవితి పూజ తను చూసుకుంటానని అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది.

బయల్దేరిన రోజు కోహ్కాలో ఆయా వాళ్ళ సందు మొదట్లో కారు ఆపి మా ఆయన ఫోన్ చేశాడు. ఆమె రాలేదు. మళ్ళీ చేశాడు. "లోపలికి రండి భయ్యా" అని పెట్టేసింది. వెళ్ళినవాడు ఎంతకీ తిరిగి రాడు. దుర్గ్ స్టేషన్లో రైలు మా కోసం ఆగదు కదా. పాపను చంకనేసుకుని నేనూ వెళ్ళాను.

సందులో ప్రతి గుమ్మంలోనూ ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆయా వాకిట్లో కుర్చీ వేసి మా ఆయనను కూర్చోబెట్టారు. ప్రయాణమని నిక్కరు మీద వచ్చాడు. కాళ్ళకు నీళ్ళిచ్చినట్టున్నారు, పాదాలు తడిగా ఉన్నాయి. ఒళ్ళో పళ్ళెం నిండా ఠేఠ్రీ. అది మన జంతికలకు దగ్గర చుట్టమే గానీ పళ్ళకు మాత్రం శత్రువు. నోట్లో అది పెట్టుకుని ఎవరూ మాట్లాడలేరు. పక్కింటి ముసలమ్మ ఎదురుగా నిలబడి, "తీజా లేగే బర్ ఆయే హస్?" అని అడుగుతోంది, తీజాకి తీసుకెళ్ళడానికి వచ్చావా అని. మా ఆయన మర్యాదస్తుడు, తలూపాడు. ఎన్నాళ్ళకని అడిగింది. నాలుగు వేళ్ళు చూపించాడు. నాలుగు రోజులేనా, చెల్లెలు అంత బరువైపోయిందా అని ముసలమ్మ తగులుకుంది.

ఆయా తలుపు పక్కన కొంగు నెత్తి మీద కప్పుకుని నేల చూస్తోంది. మా ఇంట్లో గొంతెత్తితే గేటు దాకా వినిపించే మనిషి. అప్పుడు వెలిగింది నాకు. ఇంతలో ముసలమ్మ నా వైపు తిరిగి, వదినవి నువ్వేనా అంది. ఆయా తలెత్తి నన్ను చూసింది. నేను ఒక్క మాట తేడాగా అంటే ఆ సందులో ఆమె పరువు పోతుంది.

"అవును. మా ఆడపడుచును తీసుకెళ్దామని వచ్చాం" అన్నాను హిందీలో. ఆమె సంచీ తీసి మా ఆయన చేతిలో పెట్టాను.

రైలు కదిలాక ఆమే చెప్పింది. వాళ్ళమ్మ పోయాక తమ్ముడు రావడం మానేశాడు. రెండు తీజాలకు సందంతా ఖాళీ అయిపోయి తనొక్కతే మిగిలింది. "మీ ఇంటికాడ్నుంచి ఎవులూ రానేదేటని అడుగుతారు దీదీ. ఏటి సెప్పను?"

మా ఆయన పళ్ళలో ఇరుక్కున్న ఠేఠ్రీ ముక్కతో కుస్తీ పడుతూ మొత్తం విన్నాడు. "ముందే చెబితే ప్యాంటు వేసుకుని వచ్చేవాణ్ణి కదా" అన్నాడు. పై బెర్తుల వాళ్ళు తొంగిచూసేదాకా ముగ్గురం నవ్వాం.

నాకు పెళ్ళి చేసినప్పుడు, ఆడపడుచుల్లేని ఇంటికిచ్చానని మా అమ్మ అందరికీ చెప్పుకుని సంబరపడింది. ఇప్పుడు ఫోన్లో సంగతంతా విని, "అయితే అనుభవించు" అంది. అనుభవించాను. తీజా ఉపవాసానికి ముందు సాయంత్రం పుట్టింట్లో కాకరకాయ కూరతో అన్నం తినాలట. కాకరకాయల కోసం మా ఆయన వైజాగ్‌లో బజార్లన్నీ తిరిగాడు. హోటల్ వంటాయన మన పద్ధతిలో బెల్లం వేసి వండేశాడు. మా ఆడపడుచు ఒక ముద్ద తిని, "ఏటిది, మిఠాయా?" అంది. చేదు చేదుగా మళ్ళీ వండించాం.

తీజా రోజున మొగుడి క్షేమం కోసం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. అల తుంపర నోట్లో పడినా ఉపవాసం పోతుందని మూతి బిగించుకుని, దూరంగా గొడుగు కింద కుర్చీలో కూర్చుంది. పాపను నేను చూసుకున్నాను. ఇసుక తినకుండా పట్టుకోవడం, నీళ్ళలోకి దూకకుండా పట్టుకోవడం, తడిసిన గౌన్లు మార్చడం. ఆమె నోరు మెదపకుండా చేత్తోనే ఆజ్ఞలు జారీ చేసింది. టోపీ పెట్టమంది, నీడలోకి తెమ్మంది. కాళ్ళు చాపుకుని సముద్రం చూడాలన్న నా కోరిక నా కళ్ళముందే ఇంకొకరికి తీరుతోంది. కోపం రావాల్సిందే గానీ నాకు నవ్వాగలేదు. పైగా పాప ఆ మధ్యాహ్నం నా చేత్తో గిన్నెడు పెరుగన్నం తినేసింది. నాకు కాలు నేల మీద నిలవలేదు.

మర్నాడు చవితి. ఆమె పొద్దున్నే తలస్నానం చేసి వచ్చి మా గది తలుపు కొట్టింది. చేతిలో ఒక కవరు. ఉపవాసం విడవాలంటే పుట్టింటివాళ్ళు పెట్టిన కొత్త చీర కట్టుకోవాలి. కాకరకాయల గొడవలో పడి మా ఇద్దరికీ ఆ సంగతే తట్టలేదు. ఆమెకు తట్టింది. మమ్మల్ని అడగడం ఇష్టం లేక, భిలాయిలోనే తన చీర తనే కొనుక్కుని తెచ్చుకుంది.

"భయ్యా, ఇది మీ సేత్తో ఇయ్యండి. అంతే సాలు" అంది.

మా ఆయన కవరు విప్పాడు. ఆకుపచ్చ చీర. మడత సరిచేసి, రెండు చేతులతో ఆమె చేతుల్లో పెట్టాడు. "కొట్లు తెరవనీ, నేను వేరే కొంటాను" అని గొణిగాడు. ఆమె ఏడ్చేసింది. మా ఇంటికొచ్చిన ఇన్నాళ్ళలో ఆమె ఏడవగా నేను చూడలేదు. నేనూ ఏడ్చాను.

ఆమె కళ్ళు తుడుచుకుని, చీర గుండెలకు హత్తుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఇప్పుడొద్దు భయ్యా, దాహమేస్తంది. వచ్చే తీజాకి కొనండి. నాకు నీలం బాగుంటాది" అని చెప్పి, చీర కట్టుకోవడానికి వెళ్ళిపోయింది.