మూడో చక్రం

ప్రిస్కిల్లాకు దొరికింది కూర్చుని చేసే ఉద్యోగమే గానీ, కూర్చోవడమే ఆమెకు చేతకాలేదు.

జంగారెడ్డిగూడెం దాటాక, ఆయిల్ పామ్ తోటల పక్కన ఒక ప్రైవేటు కంపెనీ పెట్టిన ఫ్లైవీల్ స్టేషన్‌లో ఆమె ఆపరేటరు. నేలలో కట్టిన సిమెంటు గోతుల్లో, గాలి తీసేసిన ఉక్కు డబ్బాల లోపల బరువైన చక్రాలు విపరీతమైన వేగంతో తిరుగుతుంటాయి. గ్రిడ్‌లో కరెంటు ఎక్కువైతే అవి తీసుకుని ఇంకా వేగం పుంజుకుంటాయి. ఉన్నట్టుండి తగ్గితే ఆ వేగాన్నే కరెంటుగా తిరిగి ఇస్తాయి. పెద్ద ప్లాంట్లు అందుకునేదాకా కొద్దిసేపు లైను తూలిపోకుండా కాయడమే వాటి పని.

డిప్లొమా అయ్యాక ఆమె మొదట ధవళేశ్వరం దగ్గర రైసుమిల్లులో చేసింది. అక్కడ మోటారు పాడవుతుంటే ముందు చెవికి తెలిసేది, ఆనక ముక్కుకి. ఇక్కడ తెరమీద అంకెలే. ఆ నిశ్శబ్దం ఆమెను కుదురుగా ఉండనిచ్చేది కాదు. ఇంట్లో అన్నం తింటూ తింటూ లేచి ఫ్రిజ్ మీద చెయ్యి వేసి చూసొచ్చేది. స్కూలు టీచరైన భర్త సాల్మన్ మొదట్లో నవ్వేవాడు, తర్వాత మానేశాడు.

ఒక మే నెల మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. మూడో చక్రం అదురు చూపే అంకె పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. ఆపి తీరాల్సిన హద్దుకు ఇంకా రాలేదు. రాజమండ్రిలో మీటింగులో ఉన్న మేనేజరు శ్రీరామమూర్తికి ఫోన్ చేసింది. గాలివానకి లైన్లు పడొచ్చు, అన్ని చక్రాలూ సిద్ధంగా ఉంచమని గ్రిడ్ వాళ్లు చెప్పారు, కాసేపు చూడమన్నాడాయన.

చూసింది. కిటికీలోంచి ఆ గొయ్యి పక్కనే గడ్డి కోస్తున్న కూలీ వెంకన్న కనిపించాడు. చక్రం పగిలితే ముక్కలు ముందు తగిలేది అతనికే. పరుగున వెళ్లి అతన్ని అవతలికి పంపేసి వచ్చింది. అంకె మళ్లీ పైకి పాకింది.

"ఆపేస్తున్నానండి," అంది ఫోన్లో. "తర్వాత మీరేమన్నా సరే."

చక్రం నెమ్మదిస్తుండగానే ఎక్కడో పెద్ద లైను తెగింది. కరెంటు చాలక గ్రిడ్ ఫ్రీక్వెన్సీ జారింది. మిగతా చక్రాలు తమ దగ్గరున్నదంతా ఇచ్చాయి. గ్రిడ్ నిలబడింది గానీ, చుట్టుపక్కల కొన్ని ఊళ్లకు సాయంత్రందాకా కరెంటు లేదు.

తర్వాత ఇంజనీర్లు వచ్చి డబ్బా విప్పారు. చక్రానికి ఏ లోపమూ లేదు. అదురు కొలిచే సెన్సర్ వైరు వదులైంది, అంతే.

ఆ మాట చెప్పడానికి శ్రీరామమూర్తి స్వయంగా స్టేషన్‌కు వచ్చాడు. ఆమె నిలబడే వింది.

"ఆ చక్రం ఉండుంటే ఊళ్లకి కరెంటు పోయేది కాదాండి?"

"ఏమోనండి, ఎవరం చెప్పలేం," అన్నాడు. "అంకె అలా పైకి పాకుతుంటే నేనైనా ఆపేవాణ్ణి అనుకుంటున్నాను. ఆ కుర్చీలో లేను కాబట్టి గట్టిగా అనలేను," అన్నాడు.

తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. ప్రతి చక్రానికీ రెండో సెన్సర్ పెట్టించమని అడిగింది. ఆయన ఒప్పుకుని, వానలు మొదలయ్యేలోగా పెట్టించాడు.

ఇప్పుడు తెరమీద ఒక్కో చక్రానికి రెండేసి అంకెలు. రెండూ ఎప్పుడూ సరిగ్గా ఒకేలా ఉండవు. కొంచెం తేడా మామూలేనని ఇంజనీర్లు చెప్పి వెళ్లారు. ఎంత కొంచెమో ప్రిస్కిల్లా ఇంకా చూస్తూనే ఉంది.