సంగటి గడియారం

చంద్రగిరి కోట చూడబోయినప్పుడు నేను ముచ్చటపడి కొన్న ఇసుక గడియారాన్ని మా అమ్మ వంటింట్లోకి లాక్కుంది. ఉడుకుతున్న అన్నంలో రాగిపిండి పోసి, మూత పెట్టి, గడియారాన్ని తిరగేసేది. పై గాజుబుడ్డిలోని ఇసుకంతా కిందికి దిగితే పిండి మగ్గినట్టు. అంతవరకు మూత ముట్టుకుంటే నా చేతిమీద ఒకటి పడేది. గోడ గడియారాన్ని నమ్మదు, సెల్‌ఫోన్‌ను అసలే నమ్మదు.

మొన్న ఆదివారం నేను బజారు నుంచి వచ్చేసరికి నాయన తినేసి చెయ్యి కడుక్కుంటున్నాడు. పొయ్యిగట్టు మీదంతా ఇసుక. గడియారం పక్కకు ఒరిగి, పై బుడ్డి పగిలిపోయి ఉంది.

"మూత తీస్తా ఉంటే తగిలి పగిలింది మే. పెంకులన్నీ ఏరి పారేసినాలే," అంది అమ్మ తాపీగా.

"సంగటి గిన్నె పక్కనే కదమ్మా! దాంట్లో పడలేదని నీకెట్ల తెలుసు?"

"కెలికి ముద్దలు చేసింది నేనే కదా. చేతికి తగలదా?"

ఏం చేతులమ్మా అవి! షుగరొచ్చి స్పర్శ తగ్గిపోయి ఏళ్లయింది. పొగలు కక్కే సంగటిని ఉండ చేసినా చురుక్కుమనదు. గాజుపెంకు తగిలితే మాత్రం ఏం తెలుస్తుంది?

"నాయనా, నోట్లో ఏమన్నా గరుగ్గా తగిలిందా? నమిలినావా?"

"సంగటి నమిలేదేంది పాపా? మాయమ్మ ఉండింటే వీపు పగలగొట్టేది. చెనక్కాయల ఊరిబిండిలో అద్దుకోవాల, మింగాల, అంతే!"

నిజమే, సంగటి నమిలేవాణ్ణి చూస్తే మావాళ్లు పట్నమోడని నవ్వుతారు. ఆ నవ్వులాటే ఇప్పుడు నా ప్రాణం తోడేసింది.

చెత్తబుట్ట బోర్లించి, పెంకులన్నీ పేపరు మీద పరిచి, ఒకదాని పక్కన ఒకటి పేర్చాను. అన్నీ కలిశాయి గానీ గోరంత చోటు ఖాళీగా మిగిలింది. గట్టు మీద వెతికాను, పొయ్యి కింద వెతికాను, మిగిలిన ముద్దలన్నీ చిదిమి చూశాను. లేదు.

"లే నాయనా, ఆస్పత్రికి పోదాం!" అని ఆటో కోసం వాకిట్లోకి, పర్సు కోసం లోపలికి, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. చొక్కా తొడుక్కుంటున్న నాయన ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"పాపా, ఆ నెత్తురు యాడిది?"

గచ్చు మీద నేను తిరిగిన దారంతా ఎర్రటి చుక్కలు. కంగారులో నాకు తెలియనేలేదు, మడమ ఎత్తి చూసుకుంటే గాజుపెంకు దిగబడి ఉంది. పీకి, కడిగి, పేపరు మీది ఖాళీలో పెట్టాను. సరిగ్గా కూర్చుంది.

"అయ్యో, కాలు తెగిందే!" అంటూ అమ్మ పసుపు డబ్బా కోసం పరిగెత్తింది.

"తెగితే తెగిందిలేమ్మా!" అన్నాను. నవ్వూ ఏడుపూ కలిసొచ్చేశాయి. దేవుడా, నాయన కడుపులో లేదు, నా కాల్లోనే ఉంది! ఇంకేం కావాలి నాకు?

నాయన నా కాలు ఒళ్లో పెట్టుకున్నాడు. గాజు మింగావేమో అన్నప్పుడు కూడా పరాచికాలాడిన మనిషి, పసుపు అద్దకముందే నాకు మంట పుడుతుందేమోనని ఉఫ్ ఉఫ్‌మని ఊదుతున్నాడు.