బొంబాయి విమానం, నా చెవులు

మొన్న మంగళారం నా బొంబాయి ప్రయాణం ఎట్లైందో అడుగుతుండ్రు గద, చాయ్ తాగుకుంట ఇనుండ్రి. నవ్వుతే నవ్వుండ్రి గని ఊరంత చాటింపెయ్యకుండ్రి!

మా గడ్డపోతారం మందుల కంపెనీల పెద్ద రియాక్టర్ సీల్ పలిగింది. రెండు దినాలల్ల కొత్తది పడకుంటే లోపలి మాలంత ఖరాబ్. అది బొంబాయిల్నే దొరుకుతది. మేనేజర్ సార్ పిలిచి, "మల్లేశ్, పొద్దుగాల ఫ్లైట్‌ల పోయి సాయంత్రానికి సీల్ చేతుల పట్టుకొని రా. నీ పర్మనెంట్ ఆర్డర్ మీద దస్తకత్ చేస్త" అన్నడు. ఏడేండ్ల కాంట్రాక్ట్ నౌకరి నాది! కాళ్లు భూమ్మీద ఆగలే.

మా ఫోర్మన్ యాదగిరన్న ఎనుకట పంకల విమానం ఎక్కినోడు. "అరేయ్, లోపల ఏం సప్పుడనుకున్నవ్! చెవులల్ల పెట్టుకోను దూది, చప్పరించను పిప్పరమెంట్ ఇచ్చిండ్రు. అయినా రెండు దినాలు మీ వదినె తిట్టినా ఇనపడలే. పైలం" అన్నడు.

దూది ఏం ఆగుతది? జనరేటర్ రూముల పెట్టుకునే ఇయర్‌ప్లగ్గులు, మీదికెల్లి డొప్పలసొంటి ఇయర్‌మఫ్ సంచిల ఏస్కున్న. బేగంపేట ఎయిర్‌పోర్టుల చెకింగాయన తిప్పి తిప్పి సూసి "యే క్యా హై?" అన్నడు. "సేఫ్టీ సాబ్" అన్న. నవ్విండు. నవ్వుకో బిడ్డా, ఎక్కినంక తెలుస్తది ఎవలు హుషారో అనుకున్న.

గేటు కాడ కూసున్న. అద్దంలకెల్లి విమానం కనపడుతున్నది. మా కంపెనీల రూల్ ఏంది? మిషన్ స్టార్ట్ కాకముందే చెవులు మూయాలె. ప్లగ్గులు తోసి, మీద మఫ్ బిగిచ్చిన. అబ్బ, ఏం నిమ్మళం! పక్కన పెద్దమనిషి నోరు కదిపిండు. తలకాయూపిన. జెర సేపటికి అందరు లేసి లైన్ కట్టిండ్రు. టిఫిన్ పెడుతుండ్రేమో, మనం ఇంట్ల తినే వచ్చినం అని కదల్లే. టైమైతే పిలుస్తరు గద!

పిలిచిండ్రంట. మైకుల, పేరు పెట్టి, నాలుగు సార్లు!

ఆఖరికి యూనిఫాం ఏసుకున్న ఒక పిల్ల ఉరికొచ్చి నా మఫ్ గుంజింది. ప్లగ్గులు తీసిన.

"మల్లేశ్ గారు మీరేనా? మీ ఫ్లైట్ వెళ్లిపోయింది సార్!"

"సప్పుడుంటదని..."

"ఇవి జెట్ విమానాలు సార్. లోపల హాయిగా నిద్రపోవచ్చు!"

ఆడికెల్లే సార్‌కు ఫోన్ కొట్టిన. సీల్ తెల్లారి ఇంకొకడు తెచ్చిండు, మాల్ ఎట్లనో బతికింది. నా ఆర్డర్ మాత్రం ఇంకా సార్ సొరుగుల్నే ఉన్నది. విమానం తప్పినందుకు గాదట, ఫోన్ల నేను చెప్పిన జవాబుకట.

"ఒరేయ్, అంత పెద్ద విమానం నీ ముంగటికెల్లే పోయింది గదరా! కండ్లు గూడ మూసుకున్నవా?" అని సార్ ఒర్రిండు. అబద్ధమెందుకని ఉన్నదున్నట్టు చెప్పిన.

"లేదు సార్, సూసిన. ఎవలో పోతుండ్రనుకొని లేసి నిలబడి టాటా గూడ చెప్పిన."