శనివారం పాము, దలా పడవ

లోకం అంతమయ్యే రోజున మా పెద్దమ్మ దలా పడవ ఎక్కనంది. రంగూన్లో, పన్సొడాన్ రేవులో టిక్కెట్లు కొనిపించి, మిఠాయి పొట్లం ఒక చేతికీ పళ్లబుట్ట ఇంకో చేతికీ నాకు తగిలించి, జనంతో పాటు పడవ వైపు నాలుగడుగులు వేసిన మనిషి, నదిని ఒకసారి చూసి వెనక్కి తిరిగింది. రేవులో బల్ల మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు మడుచుకుంది. "నాను రాను. పాము లేస్తాదంట. నువ్వూ ఎల్లకు" అంది. పడవ కూత వేసి మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది. అవతలి ఒడ్డున దలాలో నేను పెళ్లి చేసుకోవాలనుకున్న అమ్మాయి, ఆమె తలిదండ్రులు మా కోసం కాచుకుని ఉన్నారు. ఆ తండ్రి సరుకుల ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. ఆ మధ్యాహ్నమే ఓడ ఎక్కాలి, మళ్లీ ఎనిమిది నెలలకి గాని రాడు. ఈలోగా తన్లిన్‌లో ఉన్న ఆమె మేనమామ, ఎలాగూ తనకే హక్కు గనక, తన కొడుక్కి అడగడానికి సిద్ధంగా ఉన్నాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే. ఆవిడ నోరు విప్పకపోతే నా తరఫున సంబంధం మాట్లాడే దిక్కు లేదు. మధ్యాహ్నంలోగా ఆవిడ నది దాటాలి. ఆవిడేమో పాముకి భయపడి బల్ల దిగడం లేదు. ఆ పామును నదిలోకి వదిలింది నేనే.

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్ల వయసు, ఒక కొత్త దినపత్రికలో ఉద్యోగం, లోకంలో సగం మంది మీద చులకన ఉండేవి. (మిగతా సగం మంది నాకింకా పరిచయం కాలేదు.) విదేశీ వార్తలు ఇంగ్లీషులోంచి బర్మీస్‌లోకి మార్చడం నా పని. ప్రళయం వార్త ఎప్పుడొచ్చినా డెస్కులో పండగే. ఒకరి క్యాలెండరు అయిపోయిందని ప్రళయం, ఇంకొకరికి ఆకాశంలో తోక కనబడిందని ప్రళయం. ఎన్నిసార్లు తేదీ తప్పినా, చెప్పినవాడు మర్నాడు వచ్చి పొరపాటైందని ఒప్పుకున్న పాపాన పోలేదు. తప్పు దొర్లితే సవరణ వేసే మర్యాద పత్రికలకే ఉంది గాని ప్రవక్తలకి లేదని నేను డెస్కులో ప్రసంగాలు చేసేవాణ్ని. ఆ ఏడాది వచ్చిన ప్రళయం మరీ దూరంది. ఉత్తర ఐరోపా పాత పురాణాల్లో రాగ్నరోక్ అని దేవతల ఆఖరి యుద్ధం ఒకటుంది. మూడు శీతాకాలాలు మధ్యలో ఎండాకాలం లేకుండా వరసగా వస్తాయి, ఒక తోడేలు సూర్యుణ్ని మింగుతుంది, సముద్రంలో భూమిని చుట్టుకుని పడుకున్న మహాసర్పం ఒడ్డుకు లేస్తుంది. ఇంగ్లండులో ఆ కాలపు వేషాలు కట్టి ఉత్సవం చేసుకునే వాళ్లెవరో లెక్కగట్టి, అది ఫిబ్రవరిలో ఫలానా శనివారం అని ప్రకటించారు. (వాళ్ల ఉత్సవానికీ అదే ఆఖరి రోజు. ప్రళయానికి కూడా టిక్కెట్ల అమ్మకం మీద శ్రద్ధ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.) రంగూన్లో ఒక్క శీతాకాలమే మొహం చూపించి పారిపోతుంది, మూడు వరసగా వస్తాయంటే మనకి సంతోషమే కదా అని మేమంతా నవ్వుకున్నాం.

నవ్వి ఊరుకుంటే సరిపోయేది. వార్త ఎనిమిది లైన్లే వచ్చింది, ఇంకో రెండు లైన్ల ఖాళీ మిగిలింది. ఇక్కడివాళ్లకి పుట్టిన వారాన్ని బట్టి ఒక్కో జంతువు ఉంటుంది, శనివారం పుట్టినవాళ్లది నాగం. నేను తెలివి ఎక్కువై, "శనివారం, పైగా సర్పం. మన శనివారపు జాతకులు ఆ రోజు నీళ్లకి దూరంగా ఉంటే మంచిది" అని చివర తగిలించాను. డెస్కు పెద్దని మేం కత్తెర సాయా అనేవాళ్లం. (సాయా అంటే గురువుగారు. కత్తెర ఎందుకో తమ రాతలు ఆయన చేతిలో పడ్డవాళ్లకి తెలుసు.) ఆ కత్తెర నా ఆఖరి వాక్యాన్ని ముట్టుకోలేదు సరిగదా, ఆయన పడీపడీ నవ్వాడు. పేజీ కట్టేటప్పుడు ఆ ముక్కని వారఫలాల కింద పెట్టారు. రెంటికీ మధ్య ఉండాల్సిన గీత అచ్చులో ఎగిరిపోయింది. శుక్రవారం పొద్దున్న చూస్తే నా వేళాకోళం కాస్తా జ్యోతిష్కుడి ఫొటో కింద, ఆయన పేరు మీద, శనివారపు ఫలంగా వెలిసింది. "గీత పోయింది, అంతే" అన్నాడు కత్తెర సాయా. సవరణ వేద్దామంటే, ఇంత చిన్నదానికా అన్నాడు. మర్యాద గురించి ప్రసంగాలు చేసిన నేను కూడా నోరు మూసుకున్నాను. నాకు శనివారం సెలవు, దలా ప్రయాణం ఉంది. ధ్యాసంతా అక్కడే. మా పెద్దమ్మ పుట్టింది శనివారం అన్న సంగతి నాకు రేవులో గుర్తొచ్చింది.

"పెద్దమ్మా, ఆ పేపర్లో ముక్క రాసింది నేనే. ఊరికే నవ్వుకోడానికి రాశాను."

"నువ్వా?"

"నేనే. ఒట్టు."

ఆవిడ సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. జ్యోతిష్కుడి ఫొటో మీద వేలు పెట్టింది. "ఇదేటి, నీ ముకమా? నీకంత ఇద్దె ఎక్కణ్నించి వచ్చింది? పెళ్లికోసరం పెద్దోళ్ల మాట నీదని సెప్పుకుంతావా, తప్పు కదరా."

అచ్చులో ఒక అబద్ధం చెబితే ఊరంతా నమ్మింది. నోటితో ఒక నిజం చెబితే పెంచిన తల్లి నమ్మలేదు. రెండో పడవ కూడా వెళ్లిపోయింది. చివరికి ఆవిడే దారి చూపించింది. దగ్గర్లోనే సూలే పగోడా ఉంది కదా, దాని చుట్టూ ఒక్కో వారానికి ఒక్కో మూల ఉంటుంది, శనివారం మూల నాగం విగ్రహానికి ఆవిడ వయసుకి ఒకటి కలిపి అన్ని చెంబుల నీళ్లు పోసి రమ్మంది. అంటే అరవై అయిదు. ఇలాంటి పరిహారాలని యదయా అంటారు. నేను కాలేజీ రోజుల నుంచి వాటిని వెక్కిరించినంతగా దేన్నీ వెక్కిరించలేదు. "అయితే సంబందం వద్దేటి?" అంది ఆవిడ, నా మొహం చూసి. మిఠాయి, పళ్లు ఆవిడ ఒళ్లో పెట్టి పరుగెత్తాను.

శనివారం మూల దగ్గర బారు తీరి జనం. కొందరి చేతుల్లో మా పత్రిక. విగ్రహం దగ్గర లుంగీ పైకి దోపుకుని, పెదవులు కదుపుతూ నీళ్లు పోస్తున్న పెద్దమనిషి కత్తెర సాయా.

"సాయా, మీరు కూడా శనివారమేనా?"

"మంగళవారం. మా ఆవిడది శనివారం."

"అది మన వార్తేనని చెప్పలేదా?"

"చెప్పాను. జ్యోతిష్కుడి ఘనత కొట్టేస్తున్నానంది. యాభై ఒకటి. మాట్లాడించకు, తప్పుతుంది."

నా వంతు వచ్చాక నేనూ పోశాను. కంగారులో సగం నీళ్లు నాగం మీద, సగం నా లుంగీ మీద పడ్డాయి. వెనకాల ఒకావిడ, "మెల్లిగా బాబూ, భక్తి ఉండాలి" అంది. రేవుకి తిరిగొచ్చేసరికి పెద్దమ్మ లుంగీ తడిని వేళ్లతో నొక్కి చూసి, నమ్మి, చెప్పులు తొడుక్కుంది. పడవలో నది మధ్యకొచ్చినప్పుడు మాత్రం నా మోచెయ్యి వదల్లేదు.

మేం వెళ్లేసరికి ఆ తండ్రి బట్టల సంచి గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మాయి తల్లి టీ ఇచ్చింది. అమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆయన నన్ను మొహం నుంచి కింది దాకా చూసి, "లుంగీ తడిసిందేటి బాబూ?" అన్నాడు. నేను ఏదో ఒకటి చెప్పేలోగా పెద్దమ్మ గర్వంగా అందుకుంది. "నా కోసరం శనారం పాముకి అరవై అయిదు సెంబులు పోసినాడు తమ్ముడూ. నేకపోతే నాను పడవెక్కుదునా?"

"ఓ, ఆ పామా" అన్నాడాయన. సముద్రం మీద జాగ్రత్త అని పొద్దున్న భార్య కత్తిరించి ఇచ్చిన ముక్క జేబులో ఉంది, తీశాడు. "నాను ఆ దేశాల రేవులకి ఎల్లినాను. ఆ సముద్రంలో సలి ఉన్నాది, సేపలున్నాయి. పామే ఉంటే మా కెప్టెను ఒక్కరోజైనా సెలవిచ్చీవోడు. ఎవడు రాసినాడు ఇది?"

"నేనేనండి."

"మళ్లీ అదే మాట" అని పెద్దమ్మ తల కొట్టుకుంది. ఆయన మాత్రం నమ్మాడు. ఆ రోజు నా మాట నమ్మిన మొదటి మనిషి ఆయన, అదే నా కొంప ముంచింది. "నువ్వే రాసినావు. నువ్వే నీళ్లు పోసినావు. ఇందులో నువ్వు నమ్మీది ఏది?"

"రాసింది నవ్వించడానికండి. పోసింది పెద్దమ్మ కోసమండి."

"మరి నీ కోసరం నువ్వేటి సేత్తావు?"

డెస్కులో దేవుళ్లనీ తోడేళ్లనీ ఒంటిచేత్తో ఓడించినవాణ్ని, మిఠాయి పొట్లం ఆయన ముందుకి జరిపాను. ఆయన గోడ గడియారం చూసి లేచాడు, సంచి భుజాన వేసుకున్నాడు. పెద్దమ్మ వెనకే లేచి, "ఏ మాటా సెప్పకుండా ఎల్లిపోతే ఎలగ తమ్ముడూ?" అంది. "ఆలోసించి సెప్తాను" అని గుమ్మం దాటాడు. నేను పళ్లబుట్ట ఖాళీ చేయించుకునే వంకతో వంటింటి వైపు వెళ్తే, అమ్మాయి బుట్ట చేతికిస్తూ మెల్లిగా, "ఆ ఆఖరి ముక్క బాగున్నాది. పైదంతా సప్పగా ఉన్నాది" అంది. పై ఎనిమిది లైన్లూ అనువాదం, ఆఖరిది నా సొంతం. ఆ పూట నాకు ఆ మాటే చాలింది.

సాయంత్రం సూర్యుడు ఎవరూ మింగకుండానే అస్తమించాడు. నేను నీళ్లు పోశాను గనకే లోకం నిలబడిందని పెద్దమ్మ తేల్చింది, నేను కాదనలేదు. తన్లిన్ మేనమామకి అమ్మాయే వద్దని చెప్పేసింది. ఓడకి ఫోన్ చేస్తే తండ్రి, వచ్చాక చూద్దాం, ఇంకా ఆలోసిస్తన్నాను అన్నాడట. ఆయన వచ్చేలోగా తల్లీ, పెద్దమ్మా కలిసి ముహూర్తం పెట్టేశారు. ఆయన ఓడ దిగి, పెళ్లిలో నా కాళ్లు కడిగాడు, కన్యాదానం చేశాడు, నా నెత్తిన అక్షింతలు వేశాడు. అవునని మాత్రం అనలేదు.

పదేళ్లు దాటింది. ఆ పత్రిక మూతపడింది. ఇప్పుడు ప్రళయాలు ఫోనుల్లో వస్తున్నాయి, రోజుకి రెండు. నేను వెక్కిరించడం మానలేదు గాని, వెక్కిరించే ముందు ఇంట్లో ఎవరు ఏ వారం పుట్టారో చూసుకుంటాను. ఆ తడి లుంగీ కుర్రాడు గుర్తొచ్చినప్పుడు నవ్వూ వస్తుంది, వాడి మీద కాస్త ప్రేమా వస్తుంది. మామగారు ఓడ పని మానేసి దలాలోనే ఉంటున్నారు. మా పిల్లలిద్దరికీ ఆయన దగ్గరే చనువు. మొన్న వెళ్లినప్పుడు, ఎప్పటిలాగే, "ఏటి మావయ్యా, ఆలోచించారా?" అని అడిగాను. ఆయన టీ ఊదుకుని తాగి, గ్లాసు కింద పెట్టి, "తొందరేటి" అన్నారు.