లేతు మిషన్ దగ్గర మా దేవదానం బావ

నిన్న పొద్దున రేపల్లెలో మా వీధి చివర కొట్లో పాల ప్యాకెట్ తీసుకుంటుంటే ఫోన్ మోగింది.

బావ భార్య సుగుణ చెల్లెమ్మ నంబరు. ఎత్తితే ఆమె మాట్లాడలేకపోయింది. పక్కనున్న వాళ్లెవరో చెప్పారు.

దేవదానం బావ ఇక లేడట. నిద్రలోనే పోయాడట.

ప్యాకెట్ కొట్లోనే మర్చిపోయి స్టేషన్‌కు నడిచాను. తెనాలి దాకా రైల్లో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏం చూశానో గుర్తులేదు.

మాకు చుట్టరికం లేదు. వాళ్లు చర్చికి, మేం గుడికి. బాపట్లలో ఒకే ఆఫీసు. ఆయన క్లర్కు, నేను అటెండర్ని. ఎవరు మొదలుపెట్టారో గానీ బావా అనుకోవడం అలవాటైపోయింది.

రిటైరయ్యాక బావ తెనాలిలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి చిన్న లేతు మిషన్ పెట్టాడు. చెక్క గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే మిషన్. పప్పుగుత్తులు, చపాతీ కర్రలు, బొంగరాలు చేసి అడిగినవాళ్లకల్లా ఇచ్చేవాడు.

శనివారాలు రైలెక్కి వెళ్లి నేనూ నేర్చుకున్నాను.

స్విచ్ వేసే ముందు చెక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి, ఎక్కడైనా తగులుతుందేమోనని. స్విచ్ వేసేటప్పుడు ఎదురుగా నిలబడకూడదు. ముఖానికి అడ్డంగా అద్దం తొడుగు ఉండాలి, చేతికి గ్లవుజు ఉండకూడదు. పని అయ్యాక పొట్టు ఊడ్చి, ఇనప పట్టాల మీద నూనె గుడ్డతో తుడిచి, బెల్టు నొక్కి చూసి గానీ బావ టీకి వచ్చేవాడు కాదు.

"ఆ మిషన్‌కి రాసిన నూనె నా తలకి రాసుంటే జుట్టు మోకాళ్ల దాకా పెరిగేదన్నయ్యా" అనేది చెల్లెమ్మ.

ఒక్క సంగతి చెప్పాలి.

మా మనవరాలి మొదటి పుట్టినరోజు దగ్గర పడింది. బాపట్లలో మా అమ్మాయి ఇంట్లో అప్పటికే గోడ పట్టుకుని నిలబడుతోంది. మూడు చక్రాల నడక బండి నేనే నా చేతుల్తో చేసి తెస్తానని అమ్మాయికి మాటిచ్చాను. కొనడం కాదు, చేయడం.

ఈలోగా అయ్యప్ప మాల వేసుకున్నాను.

శనివారం నల్లబట్టల్లో షెడ్డు గుమ్మం దగ్గరకు వెళ్లేసరికి బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"స్వామీ, అక్కడే ఆగు."

"ఏంటి బావా?"

"కండువా తీస్తావు సరే. మెడలో దండ సంగతేంటి?"

"చొక్కా లోపల దోపుకుంటాలే."

"వంగితే బయటికొస్తది."

"రాదు. చూసుకుంటాగా."

బావ పాత పురికొస ముక్క తెచ్చి ఒక పుల్లకు కట్టాడు. మిషన్ వేసి, దూరంగా జరిగి, ఆ తాడు చివర తిరిగే చెక్కకు తగిలేలా చాచాడు.

తాడు చుట్టుకోవడం నేను చూడలేదు. పుల్ల చేతిలోంచి ఎగిరి ఎదురుగా రేకుకు కొట్టుకుంది. ఆ చప్పుడే విన్నాను.

"అది నీ మెడ" అన్నాడు మిషన్ ఆపి. "మిషన్‌కి భక్తి తెలియదు స్వామీ."

నాకు కోపం వచ్చింది. "అయితే మాల తీసేయమంటావా?"

"ఆ మాట నా నోట రాదు. నీ దీక్ష నీది. మాల తీయొద్దు, మిషన్ దగ్గరికీ రావొద్దు."

"మరి బండో?"

"గుమ్మంలో కూర్చో. ఉప్పు కాగితం పట్టుకో."

అప్పటికే బావకు మోకాళ్లు పట్టేసి ఉన్నాయి. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు చెప్పాడు. కాసేపు చెక్కడం, మిషన్ ఆపి స్టూలు మీద కూలబడటం, మళ్లీ లేవడం. చెక్కిన ముక్క నా చేతికిస్తే నేను గుమ్మంలో కూర్చుని ఉప్పు కాగితంతో రుద్దేవాణ్ని.

మూడో చక్రం దాదాపు అయిపోయాక సన్నటి నెర్రె కనపడింది.

"బంక పెడితే సరిపోద్ది కదా బావా" అన్నాను. ఆయన మోకాళ్లు చూసే అన్నాను.

"తిరిగేటప్పుడు విడిపోతే మొహానికొస్తది" అని, దాన్ని రెండు ముక్కలు చేసి పొయ్యి కట్టెల్లో వేసి, కొత్త చెక్క బిగించాడు.

"ఇద్దరు ముసలోళ్లు, ఒక చంటిదాని బండి. ఇల్లంతా పొట్టు" అని చెల్లెమ్మ తిడుతూనే మోకాళ్లకు వేడినీళ్ల సంచి తెచ్చిపెట్టింది.

పుట్టినరోజు నాటికి బండి బాపట్ల చేరింది. పిల్ల దాని కర్ర పట్టుకుని వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. తాతయ్య చేశాడని అందరూ అంటుంటే బావ వెనక కుర్చీలో కూర్చుని కేకు తిన్నాడు.

ఈ రోజు పొద్దున బావను సాగనంపాం.

పెట్టె మూసేముందు చెల్లెమ్మ కొంగు ముడి విప్పి ఒక ఉంగరం తీసింది. బావ వేలికి తొడిగింది. ఆయన చేతికి ఉంగరం నేనెప్పుడూ చూడలేదు.

"మా పెళ్లి ఉంగరం అన్నయ్యా" అంది. "మిషన్ కొన్నరోజు సబ్బు రాసి లాగి తీసేశారు, దేనికన్నా పట్టుకుంటే వేలు పోద్దని. నేను ఎంత ఏడ్చినా మళ్లీ పెట్టుకోలా. ఇంక మిషన్ పని లేదుగా. ఉండనీండి."

తన ఉంగరం తీసేసుకున్నాడు. నన్ను మాత్రం మాల తీయమని అనలేదు.

అక్కడ నాకు మాట రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వెళ్లిరా బావా. మీ ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి. మా స్వామికి కూడా అదే చెప్పుకున్నాను.