ఏడు గంటల బ్యాకప్

మూడేళ్ల క్రితం ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. రోగుల వివరాలన్నీ నా గదిలోని సర్వర్‌లోనే ఉండేవి. రోజూ సాయంత్రం ఏడింటికి దానంతటదే బ్యాకప్ అయ్యేలా సాఫ్ట్‌వేర్ పెట్టిన అతను అంతకుముందే ఏర్పాటు చేసి వెళ్లాడు.

ఒక ఉదయం డేటాబేస్ తెరుచుకోలేదు. "బ్యాకప్ ఉంది, పది నిమిషాలు సార్" అని డాక్టరుగారికి ధీమాగా చెప్పి, దాన్నుంచి వివరాలు రీస్టోర్ చేశాను. తెరిచి చూశాను. చివరి రోగి పేరు నేను చేరడానికి ముందు రోజుది! ఆ తర్వాత ఎనిమిది నెలల్లో ఒక్క రోజూ బ్యాకప్ కాలేదు.

అప్పుడే దుత్తలూరు నుంచి ఒకాయన జ్వరంతో కాలిపోతున్న భార్యను తీసుకొచ్చాడు. పోయిన నెల ఇక్కడే ఆమెకు ఏదో ఇంజెక్షన్ పడలేదట.

"ఏ సూదో నాకేం తెలుసు? కంప్యూటర్లో ఎక్కించినామని మీరే కదా చెప్పినారు!" అన్నాడు.

డాక్టరుగారు సూది జోలికి పోకుండా మాత్రలతోనే వైద్యం చేశారు. ఆమె కోలుకునేదాకా నాకు అన్నం సయించలేదు.

తీరా ఆరా తీస్తే, గదులు ఊడ్చే మరియమ్మ రోజూ ఆరున్నరకు తాళం వేసేముందు మెయిన్ స్విచ్ ఆపేస్తోంది! పొద్దున్నే సర్వర్ ఆన్ చేసే నేను, అదెందుకు ఆగి ఉందో ఏనాడూ ఆలోచించలేదు. కోపం పట్టలేక ఆమె మీద అరిచాను.

"చేరిన రోజు నువ్వే గదమ్మా చెప్పినావు, పోయేటప్పుడు అన్నీ ఆపేసి పో అవ్వా అని" అంది నింపాదిగా.

ఇప్పుడు వారం వారం బ్యాకప్‌ను వేరే కంప్యూటర్లో ఎక్కించి, నిన్నటి రోగి పేరు కళ్లారా చూశాకే ఊపిరి పీల్చుకుంటాను.